రిగ్ వెనక పోర్టు నుంచి ఎస్-మీటర్ దాకా: సీరియల్ డేటా చదివే ప్రోగ్రాం సొంతంగా రాసుకోవడంలో నా అనుభవం

తిరుపతి ఊరి మధ్యలో హామ్ (అమెచ్యూర్) రేడియోలో 40 మీటర్ల బ్యాండ్, అంటే 7 మెగాహెర్ట్జ్ ప్రాంతం, వినాలంటే ముందు రొదను దాటాలి. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటార్లు, పక్కింటి ఫోన్ ఛార్జర్లు, ఎవరి వంతు వాళ్లది. ఆ రొద ఏ వేళకు ఎంత ఉంటోందో నాకు అంకెల్లో కావాలి. రోజంతా మీటర్ ముందు కూర్చుని రాసుకోలేం కదా. రిగ్ (రేడియో సెట్టు) వెనకున్న సీరియల్ పోర్టు నుంచి ఎస్-మీటర్ విలువను, అంటే అందే సిగ్నల్ బలాన్ని, సెకనుకోసారి చదివి ఫైల్లో పడేసే ప్రోగ్రాం ఉంటే చాలు. రిగ్ ఐకామ్ ఐసీ-7300, కంప్యూటర్‌లో లైనక్స్, రాసింది పైథాన్‌లో, పైసీరియల్ లైబ్రరీతో.

రిగ్గులతో మాట్లాడే రెడీమేడ్ లైబ్రరీ హామ్‌లిబ్ ఉండగా ఇదెందుకు అని అడిగేవాళ్లుంటారు. హామ్‌లిబ్ మంచిదే. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ ఆడేటప్పుడు, లాగింగ్‌కి (మాట్లాడిన స్టేషన్ల నమోదుకు) నేనూ దాన్నే వాడతాను. కానీ తీగ మీద ఏ బైటు ఎప్పుడు వచ్చిందో చూడాలంటే, రిగ్ అడగకుండానే పంపేవాటిని కూడా రాసిపెట్టుకోవాలంటే మధ్యలో ఇంకొకరు లేకపోవడమే నయం. పైగా చదవడం వరకే అయితే పని చిన్నది. ఆదేశాలు పంపడం ఒక పూట పని. మిగతా శ్రమంతా వచ్చినదాన్ని సరిగ్గా ముక్కలు చేసుకోవడంలోనే ఉంది.

ముందు కేబుల్. ఐసీ-7300కి మామూలు యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ సరిపోతుంది. లోపల సిలికాన్ ల్యాబ్స్ సీపీ210ఎక్స్ చిప్ ఉంది, లైనక్స్ దాన్ని వెంటనే గుర్తిస్తుంది. ఐసీ-718 లాంటి పాత ఐకామ్ రిగ్గులకు యూఎస్‌బీ ఉండదు, వెనక 3.5 మిల్లీమీటర్ల సీఐ-వీ (ఐకామ్ రిగ్గులను కంప్యూటర్‌తో నడిపే పద్ధతి) జాక్ ఉంటుంది. దాంట్లో రావడానికీ పోవడానికీ ఒకటే తీగ, 5 వోల్టుల టీటీఎల్ (0, 5 వోల్టుల లాజిక్) మట్టం. కంప్యూటర్ల పాత ఆర్‌ఎస్-232 పోర్టును నేరుగా దానికి తగిలిస్తే వోల్టేజీ ప్లస్ వైపూ మైనస్ వైపూ దాదాపు పది వోల్టుల దాకా పోతుంది, జాక్ వెనకున్న సర్క్యూట్ కాలుతుంది. దానికి యూఎస్‌బీ-టీటీఎల్ బోర్డు ఒకటి, 1ఎన్5819 షాట్కీ డయోడ్ ఒకటి, అవసరమైతే 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి చాలు. బోర్డు ఆర్‌ఎక్స్ (అందుకునే) పిన్‌ను జాక్ కొన తీగకు నేరుగా కలపాలి. టీఎక్స్ (పంపే) పిన్‌ను డయోడ్ ద్వారా అదే తీగకు కలపాలి, డయోడ్ మీది గీత టీఎక్స్ వైపు ఉండాలి. అప్పుడు బోర్డు తీగను కిందికి లాగగలదే గానీ పైకి నెట్టలేదు, రిగ్ మాట్లాడేటప్పుడు అడ్డం రాదు. తీగ ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర నిలవకపోతేనే రెసిస్టర్‌ను తీగకూ 5 వోల్టులకూ మధ్య పెట్టండి. ఈ ముక్కలు ఊళ్లో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఏ షాపులోనైనా ఉంటాయి. ఎఫ్‌టీడీఐ చిప్ అని చెప్పి నకిలీలు అంటగడతారు. అంతకంటే నిఖార్సైన సీపీ2102 లేదా సీహెచ్340 బోర్డు మేలు.

లైనక్స్ వైపు మూడు చిక్కులు ముందే తీర్చుకోవాలి. మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి, లేకపోతే పోర్టు తెరవడానికి అనుమతి ఉండదు. రెండోది, మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు కొత్త సీరియల్ పోర్టు కనబడగానే అది మోడెమేమోనని పలకరించి చూస్తుంది. ఆ చెత్తంతా రిగ్‌కు పోతుంది, కాబట్టి దాన్ని ఆపేయండి. మూడోది, సీహెచ్340 బోర్డు పెట్టినవాళ్లకు ఉబుంటు 22.04లో పోర్టు కనబడి మాయమైపోతుంది. అంధుల బ్రెయిల్ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై ఆ చిప్‌ను తనదే అనుకుని లాక్కుంటుంది. ఆ ప్యాకేజీ అక్కర్లేని మెషీన్లో తీసేస్తే సరి.

పోర్టు తెరిచేముందు రిగ్ మెనూలో ఒకటి చూసుకోవాలి, ఇది మర్చిపోతే ప్రమాదం. లైనక్స్ సీరియల్ పోర్టు తెరవగానే డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే కంట్రోల్ తీగలు రెండింటినీ పైకి లేపుతుంది. ఐసీ-7300లో యూఎస్‌బీ సెండ్ అనే సెట్టింగును వాటిలో దేనికైనా కట్టి ఉంచితే, ప్రోగ్రాం మొదలైన క్షణమే రిగ్ ట్రాన్స్‌మిట్‌లోకి పోతుంది. యాంటెనా లేకుండా బెంచ్ మీద ఉన్న రిగ్‌కు అది మంచిది కాదు. పైసీరియల్‌లో తెరవకముందే రెండింటినీ ఆఫ్ అని చెప్పొచ్చు, అయినా కెర్నెల్ తెరిచేటప్పుడు ఒక్క రెప్పపాటు పైకి లేపనే లేపుతుంది. అందుకని మందు రిగ్ వైపే వేయాలి: యూఎస్‌బీ సెండ్, యూఎస్‌బీ కీయింగ్ సెట్టింగులన్నీ ఆఫ్.

ఇక అసలు పని. ఒక్క లైను పార్సర్ (వచ్చిన బైట్లను విడదీసి అర్థం తీసే కోడ్) కూడా రాయకముందు, వచ్చిన ప్రతి బైటునూ టైముతో సహా హెక్స్‌లో (పదహారు ఆధారం అంకెల్లో) ఫైల్‌కు రాసే ఇరవై లైన్ల ప్రోగ్రాం రాయండి. దాన్ని నడిపిస్తూ రిగ్ డయల్ తిప్పండి, మోడ్ మార్చండి, బ్యాండ్ మార్చండి. ఆ ఫైలే తర్వాత మీ టెస్ట్ డేటా. పార్సర్‌ను మార్చిన ప్రతిసారీ రిగ్ ఆన్ చేయకుండా ఆ ఫైల్ మీదే నడిపి చూసుకోవచ్చు. మాన్యువల్‌లో ఉన్నదానికీ తీగ మీద నడిచేదానికీ తేడా పట్టుకునే దారి నాకు తెలిసి ఇదొక్కటే.

సీఐ-వీ ఫ్రేమ్, అంటే ఒక సందేశం, ఇలా ఉంటుంది (బైట్లన్నీ హెక్స్‌లో): ముందు ఎఫ్‌ఈ బైట్లు రెండు, తర్వాత ఎవరికో ఆ అడ్రసు, ఎవరి నుంచో ఆ అడ్రసు, కమాండు, కొన్నిటికి సబ్‌కమాండు, డేటా, చివర ఎఫ్‌డీ. ఐసీ-7300 అడ్రసు 94, కంప్యూటర్‌ది ఈ0. ఐసీ-718కి 5ఈ, ఐసీ-705కి ఏ4. ఇవి ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి, మెనూలో మార్చుకోవచ్చు. ఫ్రీక్వెన్సీ అడగాలంటే "ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ 94 ఈ0 03 ఎఫ్‌డీ" పంపాలి. రిగ్ 7.086.300 మీద ఉంటే జవాబు "ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ ఈ0 94 03 00 63 08 07 00 ఎఫ్‌డీ". డేటా ఐదు బైట్లు బీసీడీలో, ఒక్కో బైటులో రెండంకెలు, తిరగేసిన వరుసలో. వెనక నుంచి చదివితే 00 07 08 63 00, అంటే 70,86,300 హెర్ట్జ్.

ఎస్-మీటర్ కమాండు 15, సబ్‌కమాండు 02. జవాబులో రెండు బైట్లు వస్తాయి, ఇవీ బీసీడీయే, కానీ వరుస తిరగబడదు. ఒకే రిగ్‌లో ఫ్రీక్వెన్సీకి ఒక వరుస, మీటర్‌కు ఇంకో వరుస ఎందుకు పెట్టారో ఆ కంపెనీ వాళ్లకే తెలియాలి. 01 20 అని వస్తే విలువ 120, అంటే ఎస్9. దాన్ని మామూలు బైనరీగా చదివితే 288 వస్తుంది, గ్రాఫ్ మధ్యమధ్యలో అర్థం లేని మెట్లతో వింతగా కనిపిస్తుంది. 0 అంటే ఎస్0, 241 అంటే ఎస్9 పైన 60 డీబీ (డెసిబెల్లు).

చదివేటప్పుడు ఇన్ని బైట్లు కావాలని లెక్కపెట్టి చదవకండి. ఓఎస్ ఫ్రేమ్‌ను రెండు మూడు ముక్కలుగా ఇవ్వొచ్చు, రెండు ఫ్రేములను అతికించి కూడా ఇవ్వొచ్చు. వచ్చినదంతా ఒక బఫర్‌లో చేర్చుకుంటూ పోయి, ఎఫ్‌డీ కనబడినప్పుడల్లా అక్కడికి కోసి, ఆ ముక్కలో చివరి ఎఫ్‌ఈ జంట ఎక్కడుందో వెతికి అక్కడి నుంచి తీసుకోవాలి. బీసీడీ బైటులో 99 దాటి ఏదీ రాదు గనుక డేటాలో ఎఫ్‌ఈ గానీ ఎఫ్‌డీ గానీ వచ్చే ప్రసక్తి లేదు. ఎఫ్‌ఈలు రెండే ఉంటాయని కూడా అనుకోవద్దు. రిగ్‌ను నిద్ర లేపే కమాండుకు ముందు 115200 బాడ్ (సెకనుకు బిట్లు) వేగంలో 150 ఎఫ్‌ఈలు పంపమని ఐకామ్ మాన్యువలే చెబుతుంది, వేరే ప్రోగ్రాం అది పంపితే మీ పార్సర్ కంగారు పడకూడదు.

కోసిన ఫ్రేమ్ ఎవరిదో తర్వాతి ప్రశ్న. మూడు రకాలు వస్తాయి. మొదటిది ఎకో: తీగ ఒకటే కాబట్టి మనం పంపింది మనకే వినబడుతుంది. పంపినవారి అడ్రసు ఈ0 అయితే అది మన గొంతే, వదిలేయాలి. యూఎస్‌బీ ద్వారా అయితే ఎకో బ్యాక్ అనే సెట్టింగుతో దీన్ని ఆపొచ్చు, కానీ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా పనిచేసేలా రాసుకోవడం మంచిది. పాత జాక్ మీద ఈ ఎకో వల్ల ఒక లాభం ఉంది: పంపింది పంపినట్టు తిరిగి రాకపోతే తీగ మీద రెండు మాటలు ఢీకొన్నట్టు లెక్క, కాస్త ఆగి మళ్లీ పంపాలి. రెండోది సీఐ-వీ ట్రాన్సీవ్: డయల్ తిప్పినప్పుడల్లా రిగ్ ఎవరూ అడక్కుండానే 00 అడ్రసుకు, కమాండు 00తో కొత్త ఫ్రీక్వెన్సీ పంపుతుంది, మోడ్ మారితే కమాండు 01తో. ఎస్-మీటర్ అడిగి తర్వాత వచ్చిన ఫ్రేమే జవాబు అనుకునే ప్రోగ్రాములు సరిగ్గా ఇక్కడే తప్పుతాయి, ఫ్రీక్వెన్సీ బైట్లు మీటర్ కాలమ్‌లోకి ఎక్కుతాయి. మూడోది మాత్రమే మన జవాబు: ఈ0కు వచ్చింది, 94 నుంచి వచ్చింది, కమాండూ సబ్‌కమాండూ అడిగినవే. ఈ నాలుగూ కలిస్తేనే తీసుకోవాలి. ఎఫ్‌ఏ వస్తే రిగ్ కుదరదంది, ఎఫ్‌బీ వస్తే సరేనంది. చదివే కమాండుకు ఎఫ్‌బీ వచ్చిందంటే మీరు చదవలేదు, ఏదో మార్చారు. కమాండు 11 డేటా లేకుండా పంపితే అటెన్యుయేటర్ (వచ్చే సిగ్నల్‌ను తగ్గించేది) స్థితి చెబుతుంది, వెనకాల 20 చేర్చి పంపితే 20 డీబీ అటెన్యుయేటర్‌ను వేసేస్తుంది. అందుకే నా ప్రోగ్రాంలో పంపదగ్గ ఫ్రేములు ముందే పూర్తిగా రాసిపెట్టిన పట్టికలో ఉంటాయి, అప్పటికప్పుడు కూర్చేది ఏదీ లేదు.

ఒకసారికి ఒకే ప్రశ్న, 200 మిల్లీసెకన్లు ఎదురుచూపు, రాకపోతే ఇంకోసారి, అప్పుడూ రాకపోతే ఆ సెకనుకు ఖాళీ గడి. పాత విలువనే మళ్లీ రాయడం మాత్రం వద్దు, గ్రాఫ్ అబద్ధం చెబుతుంది. వేగం గురించి బెంగ అక్కర్లేదు. 9600 బాడ్‌లో కూడా మీటర్ ప్రశ్న 7 బైట్లు, జవాబు 9 బైట్లు, మొత్తం 17 మిల్లీసెకన్ల లోపు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవాళ్లు మాత్రం దాని లేటెన్సీ టైమర్‌ను 16 మిల్లీసెకన్ల నుంచి 1కి తగ్గించుకోవాలి, లేకపోతే ప్రతి జవాబూ ఆ గుమ్మం దగ్గరే ఆగుతుంది.

సీ భాషలో రాసేవాళ్లకు ఒక వింత జబ్బు ఎదురవుతుంది. అంతా బాగానే నడుస్తుంటుంది, డయల్ 7.130 మీదికి రాగానే ప్రోగ్రాం మొండికేస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ బైట్లు 00 00 13 07 00. లైనక్స్ టీటీవైలో (సీరియల్ పోర్టును నడిపే భాగంలో) ఎక్స్‌ఆన్-ఎక్స్‌ఆఫ్ (పంపకాన్ని బైట్లతో ఆపి నడిపే పద్ధతి) ఆన్‌లో ఉంటే 13 అనే బైటుకు "పంపడం ఆపు" అని అర్థం. దాన్ని మింగేసి, మన పంపకాన్నీ ఆపేస్తుంది. 7.110లో అయితే 11 ఉంది, అది "మళ్లీ పంపు". పంపకం ఆగదు గానీ ఫ్రేమ్‌లో ఒక బైటు తక్కువ పడుతుంది. కమాండు 03 ప్రోగ్రాంను ఆపే కంట్రోల్-సీ అవుతుంది. ఈ బాధలన్నిటికీ మందు ఒకటే: పోర్టు తెరవగానే సీఎఫ్‌మేక్‌రా (బైట్లను ఉన్నవున్నట్టు ఇవ్వమనే ఫంక్షన్) పిలవడం. పైసీరియల్ ఆ పని తానే చేస్తుంది.

చిత్తూరు దగ్గర మామిడితోటలో ఇదే కొలత తీయడానికి యేసు (Yaesu) కంపెనీ రిగ్ ఎఫ్‌టీ-817 దొరికింది, బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి తోటకు అనువు. దీని తీరు పూర్తిగా వేరు. 8 డేటా బిట్లు, 2 స్టాప్ బిట్లు, వేగం 4800, 9600 లేదా 38400. ప్రతి కమాండూ సరిగ్గా ఐదు బైట్లు, కమాండు నంబరు చివర వస్తుంది. ఫ్రీక్వెన్సీకి నాలుగు సున్నా బైట్లూ 03. 7.086.30 మీద ఎల్‌ఎస్‌బీ మోడ్‌లో ఉంటే జవాబు 00 70 86 30 00: నాలుగు బైట్లు పది హెర్ట్జ్ లెక్కన, ఈసారి వరుస తిరగబడకుండా, ఐదోది మోడ్. ఫ్రేమ్‌కు మొదలూ లేదు, చివరా లేదు. ఒక బైటు జారిపోయిందంటే తర్వాతవన్నీ ఒక గడి పక్కకు జరుగుతాయి, కనిపెట్టే గుర్తేదీ ఉండదు. కాబట్టి ఇక్కడ లెక్కా సమయమూ రెండే ఆధారం: అడిగేముందు బఫర్ ఖాళీ చేయాలి, ఐదు బైట్లు రావడానికి గడువు ఇవ్వాలి, తక్కువొచ్చినా ఎక్కువొచ్చినా మొత్తం పారేసి మళ్లీ అడగాలి. 4800లో ఐదు బైట్లకు 11.5 మిల్లీసెకన్లు పడుతుంది. బీబీ, బీసీ అనే కమాండ్ల జోలికి మాత్రం పోవద్దు. మాన్యువల్‌లో లేని ఈ రెండిట్లో మొదటిది రిగ్ లోపలి ఈఈప్రామ్‌ను (సెట్టింగులు దాచే మెమరీని) చదువుతుంది, రెండోది రాసేస్తుంది, క్యాలిబ్రేషన్ అంకెలు చెరిగితే తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఎస్-మీటర్‌కు ఈ7, దాని జవాబులో కింది నాలుగు బిట్లే మీటర్, అంటే 16 మెట్లు. పెద్ద మార్పులు పట్టుకోవడానికి సరిపోతుంది, ఊరి రొదతో డీబీల్లో పోల్చడానికి సరిపోదు.

అసలు ఎస్-మీటర్‌ను డీబీల్లోకి మార్చడమే జాగ్రత్తగా చేయాల్సిన పని. హెచ్‌ఎఫ్‌లో ఎస్9 అంటే -73 డీబీఎమ్ (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్లు), ఒక్కో ఎస్ మెట్టు 6 డీబీ అని ఒప్పందం. ఆచరణలో ఎస్9కి దిగువన చాలా రిగ్గుల మెట్లు అంతకంటే చిన్నవి. సిగ్నల్ జనరేటర్, మెట్ల అటెన్యుయేటర్ తెచ్చుకుని మీ రిగ్‌కు సొంత పట్టిక తయారుచేసుకోండి, లేకపోతే ముడి అంకెనే ఉంచుకోండి. విలువతో పాటు మోడ్, ఫిల్టర్, ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచేది), అటెన్యుయేటర్ స్థితి కూడా రాసుకోవాలి: కమాండు 04తో మోడ్, ఫిల్టర్ నంబరు, 16 02తో ప్రీయాంప్, 11తో అటెన్యుయేటర్. 2.4 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌లో కొలిచిన రొద 500 హెర్ట్జ్ ఫిల్టర్‌లో దాదాపు 7 డీబీ తగ్గి కనిపిస్తుంది, ఊళ్లో రొద తగ్గిందని సంబరపడిపోతాం. సెకనులో ఐదారు సార్లు చదివి మధ్య విలువ తీసుకుంటే దూరపు మెరుపు చిటపటలు లెక్కను పాడుచేయవు. నవంబరు వాయుగుండాల రోజుల్లో ఇది తప్పనిసరి. దగ్గరలో ఉరుముతుంటే మాత్రం యాంటెనా పీకేసి ప్రోగ్రాం ఆపేయడమే.

కొలిచే కంప్యూటరే రొద పుట్టించకుండా చూసుకోవడం ఇంకో పని. యూఎస్‌బీ కేబుల్ పీకి మీటర్ చూడండి, మళ్లీ పెట్టి చూడండి. తర్వాత ల్యాప్‌టాప్ ఛార్జర్‌తో ఒకసారి, బ్యాటరీ మీద ఒకసారి చూడండి. తేడా కనబడితే ఫెర్రైట్ (కేబుల్ మీది రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థం) కావాలి. 7 మెగాహెర్ట్జ్‌కు కేబుల్ మీద ఒక క్లిప్ తగిలిస్తే ఫలితం అంతంతమాత్రమే. 31 మిక్స్ అనే రకం ఫెర్రైట్ టొరాయిడ్ (రింగు)లోంచి కేబుల్‌ను ఆరేడు చుట్లు తిప్పితే పనిచేస్తుంది, ఎందుకంటే అడ్డు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు యూఎస్‌బీ ఊడిపోతుంటే ఇదే వైద్యం. కెర్నెల్ లాగ్‌లో హబ్ పోర్టును ఆపేసిందనీ, పక్కనే ఈఎంఐ (విద్యుదయస్కాంత జోక్యం) అనీ కనబడితే అనుమానం అక్కర్లేదు.

ఊడిన పోర్టు తిరిగొచ్చినప్పుడు పేరు మారొచ్చు. ప్రోగ్రాం పాతదాన్ని వదలకపోతే సున్నా నంబరు పోర్టు ఒకటిగా వస్తుంది. తప్పు రాగానే పోర్టు మూసి, రెండు సెకన్లాగి, బై-ఐడీ ఫోల్డర్‌లోని శాశ్వత పేరుతో తెరవాలి. ఐసీ-7300 విషయంలో ఆ పేరులో రిగ్ సీరియల్ నంబరు ఉంటుంది, లాగ్ నలుగురికీ పంపేముందు అది తీసేయండి. సీహెచ్340కి సొంత నంబరు ఉండదు, రెండు బోర్డులుంటే బై-పాత్ పేరు వాడాలి, ఏ సాకెట్‌కు ఏదో మార్చకూడదు.

ఫైల్ సాదా సీఎస్‌వీ, రోజుకొకటి, సమయం యూటీసీలో. రోజుకు 86,400 వరుసలు, వరుసకు 40 బైట్లనుకుంటే మూడున్నర ఎంబీ. కరెంటు పోయినా నిమిషం కంటే ఎక్కువ పోకుండా నిమిషానికోసారి డిస్క్‌కు రాయించాలి, ప్రతి వరుసకూ రాయిస్తే రాస్‌ప్బెర్రీ పై మెమరీ కార్డు త్వరగా అరుగుతుంది. ముడి హెక్స్ లాగ్‌ను కూడా పక్కన ఉంచుకోండి, వారం తర్వాత చెరిపేయొచ్చు. తోటలో తీసిన ఫైల్‌ను గ్రాఫ్ వేస్తే పగటిపూట త్రీఫేజ్ వచ్చిన నిమిషం నుంచి పోయిన నిమిషం దాకా మీటర్ ఒక మెట్టు పైన నిలబడింది. బోరు స్టార్టర్ ఆఫ్ చేయించినా ఆ మెట్టు దిగలేదు, అంటే రొద మోటారుది కాదు, లైనుది. ఏ స్తంభం దగ్గర పుడుతోందో ఈ ప్రోగ్రాం చెప్పలేదు, దానికి ఏఎం మోడ్ ఉన్న వీహెచ్‌ఎఫ్ చేతి రిసీవరూ చిన్న యాగీ యాంటెనా పట్టుకుని లైను వెంట నడవాలి.